దేహం నేర్పే చూపు

సమకాలీన నృత్యం చూడటానికి తొలిసారి వెళ్ళిన తెలుగు ప్రేక్షకుడికి ఎదురయ్యే ఇబ్బంది సాధారణంగా ఒకటే: వేదిక మీద జరుగుతున్నదానికి అర్థమేమిటో అంతుపట్టదు. భామాకలాపం చూసేవారికి సత్యభామ ఎవరో, ఆమె అలక ఎందుకో, చివరికి ఏమవుతుందో ముందే తెలిసి ఉంటుంది కనుక, తెలిసిన కథను ఈ నటుడు ఎంత కొత్తగా పలికిస్తున్నాడన్నదే అక్కడి ఆనందానికి మూలం. సాహిత్యం చెవిన పడుతుంది, హస్తం దాన్ని చూపిస్తుంది, ముఖం దానికి ప్రాణం పోస్తుంది. సమకాలీన నృత్యంలో ఈ ఆధారాలు చాలావరకు ఉండవు. పాట ఉండకపోవచ్చు, పాత్ర ఉండకపోవచ్చు, ఒక్కోసారి సంగీతమే ఉండకపోవచ్చు. ఉన్నా అది నర్తకి కదలికతో లంకె లేకుండా తన దారిన తాను సాగిపోవచ్చు. అందుచేత ప్రేక్షకుడు పొడుపుకథ విప్పేవాడిలా ప్రతి కదలిక వెనుకా దాగిన అర్థం కోసం వెతుకుతాడు, దొరకక విసుగు చెందుతాడు, ఇది తనలాంటివారి కోసం కాదనుకొని తిరిగి వెళ్ళిపోతాడు.

ఈ ఇబ్బందిని మరింత దగ్గరగా అనుభవించేది నృత్య విద్యార్థి. చిన్ననాడే కూచిపూడి గాని భరతనాట్యం గాని మొదలుపెట్టి, కొంత పరిణతి వచ్చాక సమకాలీన నృత్యం వైపు అడుగువేసిన విద్యార్థి, ప్రేక్షకుల మధ్య కూర్చున్నప్పుడు ఏం చూడాలో తెలియక తికమకపడతాడు; అభ్యాసశాలలో నిలబడినప్పుడు, ఇన్నేళ్ళూ శ్రమించి నేర్చుకున్నదాంట్లో ఏది ఉంచుకోవాలో, ఏది విడిచిపెట్టాలో తేల్చుకోలేకపోతాడు. అయితే సాధన సాగేకొద్దీ ఈ రెండు చిక్కులూ ఒకే చోట విడిపోవడం మొదలవుతుంది. ఈ నృత్యాన్ని చేయడం, చూడటం రెండు వేరువేరు విద్యలు కావనీ, తన దేహం బరువును, శ్వాసను, నిశ్చలతను గుర్తుపట్టడం నేర్చుకున్నకొద్దీ ఎదుటి దేహంలోనూ అవే కంటపడతాయనీ అతనికి తెలిసివస్తుంది. నృత్యం నేర్వని సామాన్య ప్రేక్షకుడికి కూడా ఆ ద్వారం మూసి ఉండదు. బరువు, శ్వాస, నిశ్చలత మనుషులందరికీ అనుభవంలో ఉన్నవే.

కూచిపూడిలాగా, కథక్‌లాగా సమకాలీన నృత్యం ఒక నిర్దిష్ట శైలి కాదు. దానికి స్థిరమైన అడవులు (నృత్యానికి మూలమైన అడుగుల అమరికలు), కచేరీ క్రమం, ఒప్పుకున్న వేషధారణ లేవు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఐరోపా, అమెరికాల్లో బాలే ఆధిపత్యంపై తిరుగుబాటుగా మొదలైన ప్రయోగాల్లో దాని మూలాలున్నాయి. బాలే నర్తకి కాలివేళ్ళ కొనల మీద నిలిచి, నేలతో తనకు పొత్తే లేదన్నట్లు పైపైకి తేలాలని చూస్తుంది. బిగుతు దుస్తులు, గట్టి ముందుకొన గల జోళ్ళు ఆ భ్రమకు తోడ్పడతాయి. ఇసడోరా డంకన్ (1877–1927) ఆ జోళ్ళు విడిచి, వదులైన వస్త్రాలతో, వట్టి పాదాలతో వేదికనెక్కి నాటి ప్రేక్షకులను నివ్వెరపరచింది. ఆమె తర్వాతి తరానికి చెందిన మార్తా గ్రాహమ్ (1894–1991) ఆ స్వేచ్ఛకు ఒక వ్యాకరణం సమకూర్చి, 1926లో న్యూయార్క్‌లో సొంత బృందాన్ని స్థాపించింది.

గ్రాహమ్ పద్ధతికి కేంద్రం శ్వాస. ఊపిరి విడిచినప్పుడు ఉదరం లోపలికి పోవడం, పీల్చినప్పుడు విచ్చుకోవడం ప్రతి మనిషిలోనూ క్షణక్షణం జరిగేదే అయినా, ఆమె దాన్ని పెద్దదిచేసి, పదునుపెట్టి, కదలికలన్నిటికీ పుట్టుకచోటుగా మలచింది. కంట్రాక్షన్ అని ఆమె పేరుపెట్టిన సంకోచంలో కటిభాగం ముందుకు ముడుచుకుని, వెన్నెముక పూసపూసగా వంపు తిరిగి, పొట్ట వెనక్కు లాగుకుపోతుంది. దానికి జవాబుగా వచ్చే రిలీజ్, అంటే విడుదలలో, వెన్ను మళ్ళీ నిటారై ఛాతీ తెరుచుకుంటుంది. వెక్కివెక్కి ఏడ్చే మనిషిలోనూ, పగలబడి నవ్వే మనిషిలోనూ పొట్ట కండరాలు చేసే పని సరిగ్గా ఇదే కనుక, ఈ కదలికను చూసేవారికి కారణం తెలియకుండానే ఏదో లోతైన భావం తాకినట్లనిపిస్తుంది.

1930లో ఆమె రూపొందించిన 'లామెంటేషన్' దీనికి అతి స్పష్టమైన ఉదాహరణ. సుమారు నాలుగు నిమిషాల ఈ ఏకపాత్ర నృత్యంలో నర్తకి ఒక బల్ల మీద కూర్చుని ఉంటుంది, దాదాపు ఆద్యంతం ఆ బల్లను విడిచిపెట్టదు. ఊదారంగు సాగే బట్టతో గొట్టంలా కుట్టిన వస్త్రం ఆమెను తలనుంచి కిందిదాకా కప్పి ఉంచగా, ముఖం, చేతులు, పాదాలు మాత్రమే బయటికి కనిపిస్తాయి. ఆమె మోకాలు ఒక పక్కకు, మోచేయి మరో పక్కకు నెట్టినప్పుడు బట్ట బిగుసుకుని, దేహానికి అడ్డంగా వాలుగీతలు లేస్తాయి. ఆమె వంగినప్పుడు ఆ గీతలు సడలి, పక్కకు ఒరిగినప్పుడు కొత్తవి పుట్టుకొస్తాయి. దుఃఖం అనుభవించే మనిషి ఎవరో, పోయినవారు ఎవరో, ఎప్పుడు, ఎందుకు పోయారో ఎక్కడా తెలియదు. మన రసశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, భావానికి కారణమైన విభావం పూర్తిగా తొలగిపోయి, ఆ భావం దేహంలో వెలువడే తీరు, అంటే అనుభావం ఒక్కటే మిగిలింది. కథ లేని నృత్యంలో భావం ఉండదన్న అనుమానానికి ఈ నాలుగు నిమిషాలకు మించిన సమాధానం మరొకటి దొరకడం కష్టం.

గ్రాహమ్ సమకాలికురాలైన డోరిస్ హంఫ్రీ, దేహం తూకం తప్పి పడబోవడానికీ తిరిగి నిలదొక్కుకోవడానికీ మధ్యనున్న సందులోనే నాట్యమంతా ఉందని భావించింది. గ్రాహమ్ బృందంలోనే కొన్నేళ్ళు నర్తించిన మెర్స్ కన్నింగ్‌హమ్ (1919–2009) ఇంకా ముందుకు వెళ్ళి, స్వరకర్త జాన్ కేజ్‌తో కలిసి, నృత్యమూ సంగీతమూ ఒకే కాలవ్యవధిలో పక్కపక్కనే సాగితే చాలునని, ఒకదాన్ని మరొకటి అనుసరించనవసరం లేదని నిర్ణయించాడు. ఆయన నర్తకులు తరచుగా తాము ఆడబోయే సంగీతాన్ని తొలి ప్రదర్శన రోజునే మొదటిసారి వినేవారు. కదలికల క్రమాన్ని నిర్ణయించడానికి నాణేలు ఎగరవేయడం వంటి యాదృచ్ఛిక పద్ధతులను కూడా ఆయన వాడాడు. లయకూ అడుగుకూ విడదీయరాని బంధమున్న మన సంప్రదాయంలో పెరిగిన విద్యార్థికి ఇది మొదట అపచారంలాగే తోస్తుంది. కానీ మృదంగం జతి ఎత్తుకోనప్పుడు కూడా పాదం కాలాన్ని మోయగలదా అన్న ప్రశ్న ఒకసారి మనసులో పడ్డాక, దాన్ని తీసిపారేయడం సులభం కాదు. కన్నింగ్‌హమ్ బృందం 1964లో ప్రపంచయాత్రలో భాగంగా భారతదేశానికి వచ్చి, సారాభాయి కుటుంబం ఆహ్వానంపై అహమ్మదాబాదులో ప్రదర్శన ఇచ్చింది.

చరిత్ర ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది. అభ్యాసశాలలో విద్యార్థి దేహానికి ఏమవుతుందన్నది పుస్తకాల్లో అంత సులువుగా దొరకదు.

కూచిపూడి విద్యార్థికి నేల పూజనీయమైనది. సాధనకు ముందు భూమికి నమస్కరించి, కాలితో తాడనం చేయబోతున్నందుకు క్షమాపణ వేడుకోవడంతో పాఠం మొదలవుతుంది. ఆ తర్వాత నేలతో సంబంధమంతా పాదాల ద్వారానే: అరమండిలో మోకాళ్ళు పక్కలకు వంచి, వెన్ను నిటారుగా నిలిపి, పాదతలంతో నేలను గట్టిగా తాటించాలి. నడుము పైభాగం కుదురుగా ఉండాలని గురువు పదేపదే హెచ్చరిస్తాడు. సమకాలీన నృత్య తరగతిలో మాత్రం తొలి పాఠం తరచుగా నేల మీద వెల్లకిలా పడుకోవడంతోనే మొదలవుతుంది. తల, భుజాలు, వీపు, కటి, మడమలు ఒక్కొక్కటిగా తమ బరువును నేలకు అప్పగించాలి. ఎక్కడ బిగువు మిగిలిందో గమనించి వదలాలి. అరమండిని పదేళ్ళు మోసిన తొడలు ఆ బిగువును ఒక పట్టాన వదలవు. ఏమీ చేయకుండా ఉండటమే ఒక పనిగా, అదీ కష్టమైన పనిగా మారుతుంది.

పడటం ఆ తర్వాత వస్తుంది. చూసేవారికి ఒక్కసారిగా కూలిపోయినట్లు కనిపించే పతనంలో నిజానికి ఒక వరుస ఉంది. మోకాలిచిప్ప, మోచేయి, తోకఎముక వంటి పొడుచుకొచ్చిన ఎముకలు నేలను నేరుగా తాకితే గాయమవుతుంది కనుక, బరువు కండపట్టు ఉన్న చోట్ల మీదుగా జారుకుంటూ దిగాలి: మడమ పక్కనుంచి పిక్క బయటి భాగానికి, అక్కడినుంచి తొడకు, పిరుదుకు, పక్కకు, చివరకు చాచిన చేతి పొడవునా. పడేటప్పుడు ఊపిరి విడవాలి. బిగపట్టిన దేహం గట్టిపడి దెబ్బ తింటుంది, ఊపిరి విడిచిన దేహం మెత్తబడి నేలమీద పరచుకుంటుంది. లేవడానికి కూడా ఇదే దారిని తిరగేయాలి, లేదా పడిన వేగాన్నే మళ్ళించి దొర్లి లేవాలి. ఇదంతా వంటబట్టేవరకు విద్యార్థి తుంటి మీద, భుజం మీద కమిలిన మచ్చలు తప్పవు. అడవులు నేర్చుకునేటప్పుడు పాదాలకు పట్టే కాయలకన్నా ఇవి తక్కువ గౌరవనీయమైనవేమీ కావు.

ఇద్దరు కలిసి చేసే అభ్యాసం మరింత కొత్తది. 1972లో అమెరికన్ నర్తకుడు స్టీవ్ పాక్స్టన్ ప్రారంభించిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌లో ఇద్దరు నర్తకులు ఎక్కడో ఒకచోట దేహాలు తాకించి ఉంచి, ఆ తాకిడి బిందువు ద్వారా ఒకరి బరువు మరొకరికి ఇస్తూ, తీసుకుంటూ, ముందుగా ఏదీ అనుకోకుండా కదులుతారు. ఎత్తడం, మోయడం, జారడం అన్నీ ఆ బరువు మార్పిడి నుంచే పుడతాయి. ఇక్కడ అందంగా కనిపించడం గురించి ఆలోచించే తీరిక ఉండదు. అవతలి మనిషి బరువు ఎటు మొగ్గుతోందో అదే క్షణంలో పసిగట్టకపోతే ఇద్దరూ పడతారు. స్త్రీపురుషులు ఒకరినొకరు తాకడంపై సంకోచం బలంగా ఉన్న మన సమాజంలో ఈ అభ్యాసం విద్యార్థికీ, అతని ఇంటివారికీ ఇబ్బందిగా తోచడం సహజమే. గురువు స్పష్టమైన హద్దులు చెప్పి, ఎవరికి ఇష్టంలేని స్పర్శ నుంచి వారు ఎప్పుడైనా తప్పుకోవచ్చునన్న నియమం పాటించినప్పుడే అది విద్య అవుతుంది. ఆ జాగ్రత్త లేనిచోట ఈ అభ్యాసం జరగకపోవడమే మంచిది.

ఇదంతా పడమటి సరుకని కొట్టివేయడం మన దగ్గర తేలికగా వినిపించే మాట. భారతదేశంలో ఈ మార్గానికి సొంత వంశవృక్షం ఉందన్నది ఆ మాట అనేవారు మరచిపోతారు. 1923లో రష్యన్ బాలే నర్తకి అన్నా పావ్లోవాతో కలిసి లండన్‌లో నర్తించి, 1930ల చివర హిమాలయ సానువుల్లోని అల్మోరాలో కళాకేంద్రాన్ని నెలకొల్పి, 1948లో 'కల్పన' చిత్రాన్ని తీసిన ఉదయ్ శంకర్ ఆ వృక్షానికి తొలి కొమ్మ. అయితే భారతీయ సమకాలీన నృత్యానికి అసలైన మలుపు చంద్రలేఖ (1928–2006) దగ్గర వచ్చింది. ఆ మలుపుకు తొలి కారణం తెలుగునేలపై పడిన కరవు.

మహారాష్ట్రలో పుట్టి మద్రాసులో కాంచీపురం ఎల్లప్ప పిళ్ళై వద్ద భరతనాట్యం నేర్చిన చంద్రలేఖ 1952లో చేసిన తొలి ప్రదర్శన రాయలసీమ కరవు సహాయనిధి కోసం ఏర్పాటైనది. ఆనాడు ఆమె 'మధురానగరిలో' అనే ప్రసిద్ధమైన తెలుగు పాటకు అభినయిస్తూ, నిండుగా పారే యమునను, సఖుల జలక్రీడను చేతులతో, చూపులతో పోతపోస్తుండగా, పత్రికల్లో చూసిన రాయలసీమ బీటలువారిన నేల ఆమె కళ్ళముందు మెదిలింది. ఎండిపోయిన పల్లెల కోసం డబ్బు కూడబెట్టే సభలో నీటి సమృద్ధిని అభినయిస్తున్నానన్న స్పృహ ఒక్కసారిగా కలగడంతో తాను లోలోపల స్తంభించిపోయానని ఆమె తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పుకుంది. కళకూ జీవితానికీ మధ్య ఇంత ఎడం ఎలా సాధ్యమన్న ప్రశ్న ఆనాటినుంచి ఆమెను వదలలేదు.

ఆ ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు గమనించదగ్గది. యమునకు బదులు కరవును అభినయించి ఉంటే అది విషయం మార్చడం మాత్రమే అయ్యేది. ఆమె కొన్నేళ్ళపాటు నృత్యవేదికకు దూరంగా ఉండి, స్త్రీల ఉద్యమాలలో, పోస్టర్ల రూపకల్పనలో పనిచేసి, 1985లో 'అంగిక'తో తిరిగి వచ్చినప్పుడు, దేవతల కథలను, నాయికల విరహాన్ని పక్కన పెట్టి, భరతనాట్యంలోని నృత్తాన్ని, అంటే అర్థంతో పనిలేని శుద్ధ కదలికను, కేరళ యుద్ధవిద్య అయిన కళరిపయట్టుతోనూ యోగంతోనూ ఒకే వేదిక మీద నిలిపింది. ఈ మూడింటికీ వెన్నెముక ఒకటేనని చూపడం ఆమె ఉద్దేశం. అరమండి, కళరి వీరుని వంగిన నిలకడ, యోగాసనం పక్కపక్కన కనిపించేసరికి, మూడింటిలోనూ కటిభాగం కిందికి దిగి నేలలో వేళ్ళూనుతుందనీ, మూడింటిలోనూ బలం అక్కడినుంచే పుడుతుందనీ ప్రేక్షకుడికి మాటలు లేకుండానే బోధపడుతుంది. 'అంగిక'లోని నరవాహన దృశ్యంలో, దేవతలు నెమలినో సింహాన్నో వాహనంగా చేసుకున్నట్లు, ఒక స్త్రీ పురుషుణ్ణి వాహనంగా చేసుకొని అతని వీపుపై ఆసీనురాలవుతుంది. సంప్రదాయపు పరికరాలతోనే సంప్రదాయాన్ని ప్రశ్నించవచ్చునని ఆ దృశ్యం నిరూపించింది.

ఆమె చివరి రచన 'శరీర' 2001లో వచ్చింది. గుందేచా సోదరుల ధ్రుపద గానం నడుమ ఒక స్త్రీ, ఒక పురుషుడు అత్యంత మందగతిలో కదిలే ఈ ప్రదర్శనలో స్త్రీ పాత్ర వహించిన తిషానీ దోషి కవయిత్రి. చంద్రలేఖ వద్దకు రాకముందు ఆమెకు నృత్యశిక్షణ లేదు. పురుష నర్తకుడు షాజీ జాన్ కళరిపయట్టు నేర్చినవాడు. ఒక కాలు లేచి, చాచుకుని, తిరిగి దిగడానికి నిమిషాలు పట్టే ఆ వేగంలో, త్వరగా ఏదో జరగాలని ఎదురుచూసే ప్రేక్షకుడు మొదట చికాకుపడతాడు. కాసేపటికి అతని చూపు కాలు చేరబోయే చోటిని విడిచి, తొడ కండరంలోని సన్నని వణుకు మీద, ఉదరం లేచిపడటం మీద నిలుస్తుంది. ఎదురుచూపు అలా గమనింపుగా మారిన తర్వాత ప్రదర్శన నెమ్మదిగా ఉందన్న సంగతే మరుపున పడుతుంది. మందగతి వల్ల ప్రతిసారీ ఇది జరుగుతుందని కాదు. లోపల ఏమీ లేని మందగతి ఎంత విసుగో చెప్పనక్కర్లేదు, అటువంటి ప్రదర్శనలకు ఇప్పుడు కొదవా లేదు. తేడా ఎక్కడుందంటే, నర్తకి ఆ నిదానాన్ని ప్రతి క్షణం లోపలినుంచి నింపుతోందా, ఊరికే సాగదీస్తోందా అన్నదాంట్లో ఉంది. ఒకసారైనా తాను అలా నిలబడి ప్రయత్నించిన విద్యార్థి ఈ తేడాను ఇట్టే పట్టగలడు.

అలా పట్టగలగడానికి శాస్త్రీయమైన ఆధారం కూడా కొంత దొరికింది. 2005లో లండన్ పరిశోధకులు కొందరు బాలే నర్తకులకు, బ్రెజిల్ దేశపు యుద్ధనృత్యమైన కపోయెరా నేర్చినవారికి, ఏ నృత్యమూ నేర్వనివారికి బాలే, కపోయెరా కదలికల దృశ్యాలు చూపి, ఆ సమయంలో వారి మెదడు పనితీరును స్కానింగ్ ద్వారా పరిశీలించారు. తాము స్వయంగా నేర్చిన కదలికలను చూసినప్పుడు, శరీర చలనానికి సంబంధించిన మెదడు భాగాలు ఆ నర్తకుల్లో ఎక్కువ చురుకుగా స్పందించాయి. తరచూ చూసి అలవాటుపడటం వల్ల ఇలా జరిగిందా, చేసి నేర్చుకోవడం వల్లనా అన్న సందేహం తీర్చుకోవడానికి మరుసటి ఏడాది వారు బాలేలో స్త్రీలు మాత్రమే చేసే కదలికలను, పురుషులు మాత్రమే చేసే కదలికలను ఇరువురికీ చూపారు. ఒకే తరగతిలో సాధన చేసే ఇరువురూ రెండు రకాలనూ సమానంగా చూసి ఉన్నా, తాము చేసినవాటికే ఎక్కువగా స్పందించారు. కదలకుండా కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడి లోపల కూడా ఒక సన్నని నాట్యం జరుగుతుందన్న మాట దీనివల్ల కేవలం అలంకారం కాకుండా పోయింది. మన ఆలంకారికులు రసాస్వాదకుడిని సహృదయుడని పిలిచినప్పుడు కవి హృదయంతో ఏకమయ్యే హృదయాన్ని ఉద్దేశించారు. నృత్యం విషయంలో హృదయంతో పాటు వెన్నెముక, ఊపిరితిత్తులు కూడా ఏకమవుతాయని చేర్చుకోవచ్చు.

సంప్రదాయ నృత్యం నుంచి వచ్చిన విద్యార్థిని అన్నిటికన్నా ఎక్కువగా వేధించేది ముఖం. చేయి వెళ్ళినచోటికి చూపు వెళ్ళాలని, చూపు వెంట మనసు వెళ్ళాలని అతనికి మొదటినుంచీ నూరిపోశారు. ఉత్త నృత్తంలో కూడా పెదవులపై చిరునవ్వు చెదరకూడదు. సమకాలీన నృత్యంలో గురువు ఆ నవ్వును తీసేయమంటాడు. 1966లో అమెరికన్ కళాకారిణి ఇవాన్ రైనర్ రూపొందించిన 'ట్రయో ఎ'లో నర్తకి ఒక్కసారి కూడా ప్రేక్షకుల కళ్ళలోకి చూడదు. దేహం ఎదురుగా తిరిగినా చూపు పక్కకో కిందికో మళ్ళుతుంది. ఒక కదలికకూ మరొకదానికీ మధ్య విరామం లేకుండా, ఏదీ పతాకస్థాయికి చేరకుండా, ఇంటిపని చేస్తున్నంత సాదాగా నృత్యం సాగుతుంది. ప్రేక్షకుడిని మెప్పించాలన్న తపనను నర్తకి నుంచి తొలగిస్తే ఏం మిగులుతుందో చూడటం రైనర్ ఉద్దేశం. ప్రేక్షకులను నేరుగా పలకరించే సూత్రధారుడున్న కూచిపూడికి ఇది పూర్తిగా ఎదురు ధ్రువం.

అయితే ముఖంలో ఏ భావమూ లేకుండా ఉంచడమే సమకాలీనత అన్న అభిప్రాయం ఇప్పుడు ఒక కొత్త మూసగా గట్టిపడింది. దానికీ చెదరని చిరునవ్వుకూ పెద్ద తేడా లేదు. రెండూ ఆలోచించకుండా తగిలించుకున్న ముసుగులే. ఈ విషయంలో బంగ్లాదేశ్ మూలాలున్న బ్రిటిష్ నర్తకుడు అక్రమ్ ఖాన్ 2011లో రూపొందించిన 'దేశ్' నేర్పే పాఠం విలువైనది. కథక్ నేర్చిన ఆయన, అందులో తన తండ్రి పాత్ర ధరించవలసి వచ్చినప్పుడు, గుండు చేయించుకున్న నడినెత్తి మీద కళ్ళు, నోరు గీసుకుని, నడుము వంచి తల కిందికి దించుతాడు. ఆయన సొంత ముఖం ప్రేక్షకులకు కనబడదు. ఆ గీతల ముఖంలో ఏ కండరమూ కదలదు. అయినా మెడ వాలే తీరుతో, చేతుల పనితో, అడుగు తడబాటుతో ఒక ముసలి వంటమనిషి కళ్ళముందు నిలుస్తాడు. కథక్ అభినయంలో ఏళ్ళ తరబడి సాధన లేనివాడికి ఇది సాధ్యమయ్యేది కాదు.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ శాంతల శివలింగప్ప. చెన్నైలో పుట్టి పారిస్‌లో పెరిగిన ఆమె వెంపటి చినసత్యం వద్ద కూచిపూడి నేర్చి, మరోవైపు జర్మనీలోని వుప్పర్తాల్ నగరంలో నృత్య రూపకర్త పినా బౌష్ (1940–2009) బృందంతో కలిసి 'నెఫెస్', 'బాంబూ బ్లూస్' వంటి నృత్యాల్లో పాల్గొంది. ఆమె కూచిపూడి ప్రదర్శనలు పూర్తి సంప్రదాయబద్ధమైనవి. ఆమె సమకాలీన ప్రదర్శనల్లో కూచిపూడి ముద్రలు అతికించినట్లు కనిపించవు. రెండు విద్యలనూ కలిపి కలగాపులగం చేయకుండా, ఒకే దేహంలో రెండింటికీ చోటివ్వవచ్చునని చూపించిన ఆమె మార్గం, ఏది వదలాలో తెలియక సతమతమయ్యే విద్యార్థికి ఊరట కలిగించేది. అడవును ముక్కలుగా కోసి నేలమీద దొర్లడంతో కలిపి 'ఫ్యూజన్' అని పిలిచే తొందరపాటుకు కూడా అది మంచి విరుగుడు. టీవీ పోటీల్లో విషాద గీతానికి ఒకరినొకరు ఎత్తుకుని తిప్పే అంశాన్ని 'కాంటెంపరరీ' అని పిలవడం వల్ల యువతరంలో ఈ కళపై ఆసక్తి పెరిగిన మాట నిజమే. అందులో నర్తించేవారి దేహబలం, ధైర్యం మెచ్చుకోదగ్గవే. కానీ సమకాలీన నృత్యమంటే అంతవరకేనని అనుకుంటే, గ్రాహమ్ బల్ల, చంద్రలేఖ నిదానం రెండూ దాని పరిధిలోకి రాకుండా పోతాయి.

సాధన గది నుంచి వేదిక మీదికి వచ్చినప్పుడు విద్యార్థికి మరికొన్ని కొత్త సంగతులు ఎదురవుతాయి. పక్కనుంచి పడే దీపాల వెలుగులో ఎదుటి ప్రేక్షకులు కనిపించరు. కాళ్ళకు గజ్జెలు లేవు కనుక తన అడుగు తనకే సరిగా వినపడదు. తాళంతో, జతులతో నడిపించే నట్టువాంగం లేదు కనుక ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేవారు లేరు. సంగీతం లేని ఘట్టంలో బృందమంతా ఒకేసారి కదలడానికి పక్క నర్తకి ఊపిరి పీల్చే శబ్దమో, కంటి చివర లీలగా కదిలే ఆమె భుజమో ఆధారం. బౌష్ 1975లో స్వరకర్త స్ట్రావిన్‌స్కీ సంగీతానికి రూపొందించిన 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్'లో వేదిక అంతా మట్టి పరచి ఉంటుంది. ఆ మట్టిలో కాలు దిగబడుతుంది కనుక ప్రతి గెంతుకూ రెట్టింపు శ్రమ పడాలి. పలుచని దుస్తులు చెమటకు తడిసి మట్టికొట్టుకుపోతాయి. సంగీతం ఆగిన చోట నర్తకుల ఎగశ్వాస చివరి వరుస దాకా వినిపిస్తుంది. బలికి ఎంపికైన యువతి ప్రాణం పోయేదాకా నర్తించడం అందులోని ఇతివృత్తం. ఆ అలసటను ప్రత్యేకంగా అభినయించవలసిన పని నర్తకికి లేదు. మట్టి దాన్ని నిజంగానే తెచ్చిపెడుతుంది. ఇలాంటి ప్రదర్శనను తెర మీద చూసినవారికీ, ఎదురుగా కూర్చుని చూసినవారికీ కలిగే అనుభవం ఒకటి కాదు. కెమెరా దగ్గరికి వెళ్ళి చూపవలసినది ఎంచి చూపుతుంది. సభలో కూర్చున్నవారి చూపు ఎక్కడ నిలవాలో వారే నిర్ణయించుకోవాలి, ఆ ఎంపికలోనే ఈ నృత్యం చూడటంలోని శ్రమ, సుఖం రెండూ ఉన్నాయి. అందుకే తొలిసారి వెళ్ళేవారు వివరణ పత్రాన్ని ప్రదర్శన ముగిశాక చదవడం మేలు. ముందే చదివితే కళ్ళు ఆ నాలుగు వాక్యాలను వేదిక మీద వెతకడానికే సరిపోతాయి.

ఈ కళకు ఒక బలహీనత ఉంది. కూచిపూడిలో తరంగం అనే నృత్యాంశం ఏ ఒక్కరి సొత్తూ కాదు. గురువు పోయినా అది వందల దేహాల్లో బతికే ఉంటుంది. సమకాలీన నృత్యంలో ప్రతి రచనా ఒక రూపకర్త పేరుతో ముడిపడి ఉండటం వల్ల, ఆ వ్యక్తి గతించాక అది ఏమవుతుందన్న ప్రశ్న ఎప్పుడూ వెంటాడుతుంది. కన్నింగ్‌హమ్ మరణానంతరం ఆయన బృందం రెండేళ్ళ వీడ్కోలు యాత్ర చేసి, ఆయన కోరిక ప్రకారమే 2011 డిసెంబరు 31న న్యూయార్క్‌లో చివరి ప్రదర్శన ఇచ్చి రద్దయింది. ఆయన నృత్యాల లిఖిత వివరాలు, వీడియోలు, దుస్తుల, దీపాల నమూనాలు భద్రపరిచారు గాని, వాటితో ఎవరైనా నృత్యాన్ని తిరిగి నిలబెట్టాలనుకున్నప్పుడు ఆ బృందంలో నర్తించిన పాత నర్తకుణ్ణి పిలిపించుకోవడం అవసరమవుతోంది. రైనర్ కూడా 'ట్రయో ఎ'ను నేర్పే అధికారాన్ని కొద్దిమందికే అప్పగించింది. ఎందుకంటే వీడియో చూసి నేర్చినవారిలో అడుగులు సరిగానే వచ్చినా, బరువు వేసే తీరు, ప్రయత్నాన్ని దాచకుండా ఉంచే సాదాతనం జారిపోతున్నాయి. గురువు పక్కన నిలబడి, వెన్ను మీద చేయి వేసి, ఇక్కడ కాదు, ఇంకొంచెం కింద నుంచి మొదలుపెట్టమని చెప్పవలసి వస్తోంది. కూచిపూడి గ్రామంలో వీధి అరుగుల మీద తరతరాలుగా జరిగిన బోధన కూడా ఇదే తీరున సాగింది.